రెండో గుప్పెడు

ఈ పరాయిదేశంలో, కిచెనర్‌లో మేం వెళ్లే చర్చివాళ్లు ఒక చిన్న పుస్తకం వేస్తున్నారు. ఎన్నడో ఇక్కడినుంచి మా గోదావరి జిల్లాకు వెళ్లి, మావాళ్లకు సువార్త చెప్పిన దొరసానిగారి మీద. మా సంఘంలో సెయింట్లనే పద్ధతి లేకపోయినా ఆవిడను అందరూ సెయింటనే అంటారు. కమిటీలో ఉన్న తెలుగమ్మాయి ప్రూఫు కాగితాలు నా చేతిలో పెట్టి, "ఆంటీ, ఈ లెటర్‌లో ఉన్నది మీ నాయనమ్మగారే కదా! సండే అయిదు నిమిషాలు మాట్లాడండి ప్లీజ్" అంది. అది దొరసానిగారు అప్పట్లో ఇంటికి రాసుకున్న ఉత్తరం. ఈ పేదరాలు పూటపూటా ప్రభువుకు ఒకటి కాదు, రెండు గుప్పెళ్ల బియ్యం తీసిపెడుతుందని మురిసిపోయి రాసింది. ఆ వాక్యం మళ్లీ ఒకసారి చదివాను. రెండో గుప్పెడు ప్రభువుది కాదు.

ఎసట్లో బియ్యం పోసేముందు ఒక గుప్పెడు తీసి చర్చికుండలో వేయడం మా ఇళ్లలో ఆచారం. ఆదివారం అది కానుకగా వెళ్లేది. నాయనమ్మ దగ్గర ఇంకో కుండ ఉండేది. అది వాళ్లక్కకు. అక్క బాప్తిస్మం పుచ్చుకోలేదు. పోలేరమ్మను వదిలేస్తే పిల్లలకు అమ్మవారు పోస్తుందని ఆవిడ భయం. అన్యుల గడప తొక్కకూడదని దొరసానిగారి కట్టడి. నాయనమ్మ మాట తప్పే మనిషి కాదు. శనివారం శనివారం ఆ బియ్యం కొంగున కట్టుకుని వెళ్లి, గడప బయటే నిలబడి అక్క ఒళ్లో పోసి, మంచినీళ్లయినా ముట్టకుండా వచ్చేసేది. ఒకరోజు దొరసానిగారు వంటింట్లోకి వచ్చి, రెండు కుండలెందుకని అడిగిందట. "రెండూ దేవుడికేనండి" అనేసిందట నాయనమ్మ. ఇది చెప్పేటప్పుడు పమిట అడ్డం పెట్టుకుని నవ్వేది. అక్క పోయిననాటి సంగతికి వచ్చేసరికి నవ్వు ఆగిపోయేది. ఆ రోజూ గడప బయటే నిలబడింది.

దొరసానిగారిని నేను తిట్టలేను. ఏ బడీ రానివ్వని మా నాయనమ్మకు వేలు పట్టుకుని ఇసుకలో అక్షరాలు దిద్దించింది ఆవిడే. ఆ అక్షరాల చలవే మేమంతా ఇంత దూరం రావడం. కానీ ఆ గడప గుర్తొస్తే మాత్రం నాకు కడుపు మండుతుంది.

ఆదివారం నిజం చెప్పేద్దామనే మైకు ముందుకు వెళ్లాను. ముందు వరసలో దొరసానిగారి తమ్ముడి మనవరాలు, కర్ర పట్టుకుని వచ్చిన ముసలావిడ, నా నోటివంకే చూస్తోంది. ఆవిడ మొహం చూశాక ఆ నిజం పక్కన పెట్టేశాను. రెండు గుప్పెళ్లూ దేవుడికేనని ఇంగ్లీషులో చెప్పేసి వచ్చి కూర్చున్నాను. చప్పట్లు కొట్టారు. పుస్తకం అచ్చుకు వెళ్లిపోయింది. నాయనమ్మ వాళ్లక్కను ఒక్కసారి ఈ పుస్తకం లోపలికి పిలిచే వీలు నా చేతికొస్తే, నేనూ బయటే నిలబెట్టాను. ఇన్నేళ్లు గడిచాయి, సముద్రాలు దాటి వచ్చాం. ఆ గడప మాత్రం ఇంకా దాటలేదు.