కుండీలో కోడిగుడ్లు

ఆ రోజుల్లో కంప్యూటర్ ముందు కూర్చోవడం వచ్చిన ప్రతివాడికీ సింగపూర్‌లో ఉద్యోగం దొరికేది. దాన్ని నిలబెట్టుకోవడం మాత్రం కంప్యూటర్‌తో సంబంధం లేని విషయాల మీద ఆధారపడేది. నా విషయంలో అవి రెండు ఉడికించిన కోడిగుడ్లు. క్లెమెంటి పేటలో నా రూమ్మేటుని అందరం ‘స్వామి’ అనేవాళ్ళం. గుడ్డు కనబడితే గది ఖాళీ చేయిస్తానని మొదటిరోజే చెప్పేశాడు. సైన్స్ పార్క్ ఆఫీసులోనూ నా పక్క సీటే (పెన్ను కోసం నా సొరుగు తెరవడం అతని జన్మహక్కు). అందుకని పొద్దున్నే తిండి దుకాణాలుండే హాకర్ సెంటర్‌లో కొన్న గుడ్లని లంచ్ దాకా కిటికీ దగ్గరున్న మా మేనేజరు కుండీలో, మట్టి మీద పరిచిన గడ్డి కింద దాచేవాణ్ణి.

ఆ మేనేజరు ఐర్లండ్ రైతుబిడ్డ. కుండీలో బంగాళాదుంపలు పెంచేవాడు కాబట్టి మాకు ‘ఆలూ దొర’. దుంప గుడ్‌ఫ్రైడే నాడే నాటాలంటాడు. మే ఒకటిన పాలు బయటివాళ్ళకిస్తే ఏడాదంతా మన వెన్న పొరుగింటికి పోతుందంటాడు. (దీపాలు పెట్టాక మా అమ్మ ఎవరికీ తోడుకి పెరుగివ్వదు. కాబట్టి నవ్వే అర్హత నాకు లేదు, అయినా నవ్వేవాణ్ణి.) నా ప్రొబేషన్ కాగితం మీద ఆయన సంతకం పెట్టాల్సిన రోజు వచ్చింది. పెట్టకపోతే నేను విమానం ఎక్కడమే. సరిగ్గా ఆ మధ్యాహ్నమే కిటికీ దగ్గర్నుంచి దొర కేక వినిపించింది. గుడ్లు దొరికాయి! వాళ్ళ ఊళ్ళో ఒకరి పొలంలో ఇంకొకడు గుడ్లు దాచాడంటే చేతబడి చేసి పంట అదృష్టాన్ని కాజేస్తున్నట్టట.

"చేసినవాడు ఇవాళే ఇంటికి పోతాడు! ఎవరూ చేత్తో ముట్టుకోవద్దు! పారతో తీసి పవిత్రజలం చల్లాలి!" అన్నాడు ఇంగ్లీషులో, ఎర్రబడ్డ మొహంతో.

అప్పుడు స్వామి లేచాడు. గుడ్డు ముట్టని వంశం కదా, మొహం పక్కకి తిప్పుకుని చెత్తచేటతో వాటిని ఎత్తాడు. తన సొరుగులోంచి లిటిల్ ఇండియా గుడి తీర్థం సీసా తీసి కుండీ చుట్టూ చల్లి, ఏదో గొణిగాడు. "ఇతనికి పద్ధతి తెలుసు!" అంటుంటే దొర కళ్ళు చెమర్చాయి. ఆ సంతోషంలో సాయంత్రానికి నా కాగితం మీద సంతకం కూడా పడిపోయింది.

బస్సులో స్వామి నా పక్కనే కూర్చున్నాడు. దిగేముందు నా ఒళ్ళో ఒక చిన్న పొట్లం పడేశాడు.

"చేతబడి చేసేవాడు పక్కన ఉప్పూ మిరియాలపొడీ కూడా పెట్టుకుంటాట్రా? ఇది దొర కంటపడకుండా దాచేసరికి నా తలప్రాణం తోకకొచ్చింది."

గది మాత్రం ఖాళీ చేయించలేదు.

ఇప్పుడు నేనూ మేనేజర్నే. నా కిటికీ దగ్గరా ఒక కుండీ ఉంది. అప్పుడప్పుడూ ఎవరూ చూడకుండా అందులో గడ్డి తీసి చూస్తుంటాను. ఇంతవరకూ ఎవరూ ఏమీ దాయలేదు. నిజం చెప్పాలంటే, కొంచెం వెలితిగానే ఉంటుంది.