హెల్గా వాళ్ళ గోడ మీది గీతలు

ఫ్యాక్టరీ వాళ్ళు నెల్లాళ్ళ శిక్షణకని జర్మనీ పంపారు. చివరి ఆదివారం గదిలో కూర్చోబుద్ధి కాక, సహోద్యోగి సుధాకర్‌తో కలిసి ఉదయం తొమ్మిదింటి రైలెక్కాను. నెకర్ నది ఒడ్డున ఒక పాత ఊళ్ళో దిగాం. ఊరంతా నడిపించి చూపిస్తారు, టికెట్ నాలుగు యూరోలు. వెళ్ళేవాళ్ళు బూట్లే వేసుకోండి. వీధులన్నీ గుండ్రాళ్ళు, చెప్పులతో వెళ్ళిన నా కాళ్ళు బొబ్బలెక్కాయి.

మమ్మల్ని తిప్పింది హెల్గా అనే పెద్దావిడ. వందల ఏళ్ళనాటి చెక్క ఇళ్ళు, కిటికీ కిటికీకీ ఎర్రపూలు. చూసినకొద్దీ నాకు కడుపు మండింది. మాదీ నది ఒడ్డే కదా, మాకేం మిగిలింది?

నది పక్క సందులో ఆవిడ సొంతిల్లు. గోడ రాళ్ళ మీద వరుసగా గీతలు, పక్కన సంవత్సరాలు. ఏ వరదకు నీళ్ళు ఎందాకా వచ్చాయో చెక్కిన గుర్తులట. "ఇది మా ముత్తాత చెక్కింది" అని ఒకదాన్ని నిమిరింది. అది నా తల కంటే పైన ఉంది.

నోరు ఊరుకోలేదు. "మా బూర్గంపాడులో గోదావరి వచ్చినప్పుడు మా ఇంట్లో రెండు నిలువుల నీళ్ళు. మా నాన్న కొడవలి మొనతో గోడ మీద గీత గీశాడు" అన్నాను.

"ఫోటో ఉందా?" అందావిడ. లేదు. సుధాకర్ కిసుక్కున నవ్వాడు.

అప్పుడు గుర్తొచ్చింది. ఆ వారమే ఇంటికి ప్లాస్టరింగ్ చేయిస్తున్నానని అన్న చెప్పాడు. చనిపోయిన నాన్న చేతి గుర్తు ఆ గీత ఒక్కటే. స్టేషన్ బూత్‌లోంచి ఫోన్ చేశాను.

"అన్నా, లోపలి గోడ ముట్టుకోకు!"

"ఏందిరా నీ లొల్లి? మేస్త్రీ వచ్చిండు, సిమెంట్ కలిపిండు." లైను తెగింది. మళ్ళీ కలవలేదు.

బుధవారం హైదరాబాద్‌లో దిగి, రాత్రి రైల్లో తెల్లారేసరికి భద్రాచలం రోడ్ స్టేషన్ చేరాను. బూర్గంపాడు బస్సులో మేకపిల్లను ఒళ్ళో పెట్టుకున్న అవ్వ అడిగింది: "గా దేశంల ఏం సూసినవ్ బిడ్డా?"

"గోడలు."

"గోడలు సూడనీకి గంత దూరమా!" బస్సంతా నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

ఇల్లంతా కొత్త సిమెంటు వాసన. లోపలి గోడకు మాత్రం ఒక పట్టీ పూత లేకుండా వదిలారు. అందులో గీత ఉంది. కానీ చిన్నప్పుడు తలెత్తి చూసిన ఆ గీత ఇప్పుడు నా రొమ్ము దాకే ఉంది.

"ఇంతేనా? రెండు నిలువులు కదా అన్నా!"

"నీకు లోతెట్ల తెలుస్తది? నువ్వు నాయిన భుజాల మీద కూసున్నవ్. నేను ఆయన పంచె పట్టుకొని నడిచిన. నాకు మెడదాక నీళ్ళు. నిన్నొక్కన్నే ఎత్తుకున్నడు."

ఇన్నేళ్ళలో అన్న ఈ మాట ఎప్పుడూ అనలేదు.

"అయినా నా మాట విని గోడ వదిలేశావుగా" అన్నాను.

"నీ ఫోన్ రాకముందే మేస్త్రీకి చెప్పిన. అది నా మెడకాడి గీత."

నాకు ఆ రోజు ఏమీ గుర్తులేదు. నా కాలికి తడి కూడా అంటలేదు. అన్న మీద కలిగినంత అసూయ నాకు హెల్గా గోడ చూసినప్పుడు కూడా కలగలేదు.