క్రేటర్‌లో మధ్యాహ్న భోజనం

డబ్లిన్‌లో మాకు తెలిసిన తెలుగువాళ్ళందరూ నమ్మే మాట ఒకటుంది. మా ఆవిడకు సింహాలంటే భయమని, అందుకే రెండేళ్ళ కిందట నాలుగు కుటుంబాలం కలిసి వేసుకున్న టాంజానియా ప్రయాణం ఆగిపోయిందని. అది అబద్ధం. పుట్టించింది నేను.

అసలు ఆ ప్రయాణం ఆలోచనే ఆవిడది. బోమాంట్ ఆసుపత్రి ల్యాబ్‌లో పని ఆవిడకు. ఎప్పుడో పేలి, కూలి, పెద్ద గిన్నెలాంటి క్రేటర్‌గా మిగిలిపోయిన అక్కడి అగ్నిపర్వతం గురించి బస్సులో వస్తూ పోతూ చదివేది. దాని అడుగున గడ్డి మైదానం, ఉప్పు సరస్సు, ఏనుగులు, సింహాలు, కొద్దిగా మిగిలిన నల్ల ఖడ్గమృగాలు. ఆవిడకు ఖడ్గమృగాన్ని చూడాలని. రోజంతా ఓపిగ్గా కాచుకుంటేనే అది కనబడుతుందని వంటింటి అలమర తలుపు మీద మ్యాపు అంటించి మరీ చెప్పేది.

ఒక ఆదివారం అందరూ మా ఇంటికొచ్చారు. టూర్ వాళ్ళు పంపిన మెయిల్ ఆవిడే చదివింది. ఒక పర్మిట్ మీద ఒక్కసారే కిందికి దిగనిస్తారు. పైకొస్తే మళ్ళీ దిగడం కుదరదు. మధ్యాహ్నం అడుగునే, జీపులో కూర్చుని, పెట్టెలో కట్టిచ్చింది తినాలి.

మా వాళ్ళు ఎక్కడికెళ్ళినా రైస్ కుక్కర్ కూడా వస్తుంది. మధ్యాహ్నం వేడి అన్నం పడకపోతే అది వాళ్ళకు ప్రయాణమే కాదు. అందరం అన్నయ్య అని పిలిచే పెద్దాయన తల అడ్డంగా ఊపాడు.

"చల్లారిన బ్రెడ్డు ముక్కలేంటి తమ్ముడూ? సింహం కూడా వేడివేడిగానే తింటుంది కదా!"

ఇల్లంతా నవ్వు. పదకొండింటికల్లా పైకొచ్చేసి లాడ్జిలో అన్నం, పప్పు చేయించుకుందామన్నారు.

"అప్పుడు దిగడం, ఎక్కడం పోను చూసేది నాలుగు గంటలే అన్నయ్యగారూ. నేను డ్యూటీలో రోజూ నిలబడే శాండ్‌విచ్ తింటాను. ఒక్క పూట తినలేమా?" అని ఆవిడ నా వైపు చూసింది.

"అన్నం లేకుండా కష్టంలే" అన్నాను. నాకు అన్నం మీద అంత మమకారమేమీ లేదు. ఆ నవ్వుల్లో నేను లేకుండా పోతానని భయం, అంతే.

అందరూ వెళ్ళాక ఆవిడ మ్యాపు ఊడదీసి మడిచింది. "నేను రాను. మీరు వెళ్ళి తినిరండి" అంది. మర్నాడు నేను మా వాట్సాప్ గ్రూపులో రాశాను, ఆవిడకు జంతువులంటే భయంగా ఉందట అని. దాంతో టాంజానియా మానేసి మిగతావాళ్ళందరూ స్పెయిన్‌లో బీచ్‌కి వెళ్ళారు, కుక్కర్‌తో సహా.

అప్పటినుంచి పార్కులో కుక్క ఎదురైనా "జాగ్రత్తమ్మా, సింహం!" అనేవారు. ఆవిడ నవ్వి ఊరుకునేది. నా పరువు కాపాడుతోందని లోలోపల సంతోషించాను కూడా, సిగ్గు లేకుండా.

ఈ ఏడు నేనే ప్లాన్ రాసి ఆవిడ ముందు పెట్టాను. ఇద్దరమే. ఫిబ్రవరిలో. పొద్దున గేటు తీసినప్పటినుంచి సాయంత్రం దాకా కిందే. పెట్టె భోజనం.

చదివి పక్కన పెట్టింది. "వాళ్ళకి నిజం చెప్పారా?"

"ఇప్పుడెందుకు, పాతబడిపోయిందిగా?"

"మీకు పాతబడింది. చెప్తేనే వస్తాను."

దీపావళి భోజనాల దగ్గర, హాలు నిండా జనం ఉండగా అన్నయ్య పులిహోర వడ్డించుకుంటూ మొదలుపెట్టాడు. "ఏమ్మా, సింహం భయం తగ్గిందా?"

"ఆవిడకు ఏనాడూ భయం లేదన్నయ్యా," అన్నాను, అందరికీ వినబడేలా. "భయపడింది నేను. మీరు నవ్వుతారని. అబద్ధం చెప్పి ఆవిడ మీద పెట్టాను."

గరిటె ఆగింది. "పండగపూట ఇప్పుడివన్నీ ఎందుకయ్యా?"

"రెండేళ్ళు ప్రతి పండగకీ అన్నారుగా. నేను ఒక్కసారి అంటున్నాను. ఫిబ్రవరిలో మేమిద్దరం వెళ్తున్నాం."

ఎవరో సర్దిచెప్పబోయారు. "సరేలే, ఈసారి మేమూ వస్తాం."

"రావద్దు" అన్నాను.

కొందరికి కోపమొచ్చింది. గ్రూపులో నా మెసేజ్‌లకు జవాబులు తగ్గాయి. తగ్గనీ. ఆ నవ్వుల కోసం నేనిచ్చిన పరువు నాది కాదు, ఆవిడది. ఇంక ఇవ్వను.

ఇంటికి వస్తూ కారులో, "ఇప్పుడు సరిపోయిందా?" అని అడిగాను.

"రెండేళ్ళు నవ్వాను నేను. ఒక్క పూటకే సరిపోతుందా?" అంది. ఇల్లు రాగానే సీటుబెల్టు తీస్తూ మళ్ళీ, "గేటు ఆరింటికే తీస్తారట. మీరు లేవకపోతే వదిలేసి దిగిపోతాను."

మర్నాడు పొద్దున మ్యాపు అలమర తలుపు మీదికి తిరిగొచ్చింది. మడతలు ఇంకా పోలేదు.