గోడకు వేలాడిన డోలక్

ప్రభువునందు ప్రియమైన సహోదరీ సహోదరులారా, మీ అందరికీ నా వందనాలు. మాది బంగారుపాళ్యం పక్కన ఒక పల్లె. మా ఆయన మామిడికాయల టెంపో డ్రైవరు, ఆదివారం వస్తే మాత్రం మా చర్చిలో డోలక్ ఆయనదే. ఆ డోలక్ మోగితే మోకాళ్లనొప్పుల ముసలమ్మలు కూడా లేచి నిలబడేవాళ్లు!

ఒక సీజన్‌లో ఆయన కాయలు దించి ఖాళీ బండితో వస్తుంటే పోలీసులు ఆపి, ఎర్రచందనం దొంగల మనిషివని కొట్టి, స్టేషన్‌లో పెట్టుకొని, తాము పట్టాల్సిన బండి వేరే అని తెలిశాక పొమ్మన్నారు. పొమ్మన్నారు, అంతే! ఎడమ మణికట్టు వాచి ఇంటికొచ్చిన ఆ మనిషి, ఆదివారం చర్చి దాకా వచ్చి, చెప్పులు విడిచే చోటే కూర్చుండిపోయాడు.

"నన్ను అందరూ దొంగ అనుకుంటా ఉండారు. కాదని కోర్టు సెప్పినాకనే ఆ డోలక్ ముట్టుకుంటా" అన్నాడు. అప్పటినుంచి డోలక్ గోడకు వేలాడింది, ఆయన ప్రతి ఆదివారం చెప్పుల దగ్గరే కూర్చున్నాడు.

కేసు వేద్దామనుకున్నాం. కానీ సీజన్ వచ్చిందంటే మా వైపు చావడానికి కూడా తీరిక ఉండదు. ఆయన బండి మీద, నేను గుజ్జు ఫ్యాక్టరీలో. కాయలు అయిపోనీ అనుకున్నాం, అంతలో మళ్లీ కాయలు వచ్చాయి. చివరికి పోలీసుల మీద నష్టపరిహారం కేసు వేసి, వాయిదా వాయిదాకీ బస్సెక్కి తిరిగాం. నేను ఉపవాసముండి ప్రార్థించింది పరిహారం కోసం కాదు సహోదరులారా, ఈయన దొంగ కాదు అనే ఒక్క మాట కోసం!

కేసు కొట్టేశారు. "గడువు దాటినాక ఏసినారు కదమ్మా, అందుకే. ఆయన తప్పు చేసినాడా లేదా అనేదాకా కోర్టు పోనేలేదు" అన్నాడు మా వకీలు. బస్సులో మా ఆయన కిటికీ వైపు తిరిగి, "ఇంక ఆ మాట నాకు ఎవురు సెప్తారు మే?" అన్నాడు. నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకొని, "యేసయ్యా, నిన్నూ కొట్టి దొంగల మధ్యన పెట్టినారే, నీకు తెలుసు కదా, ఈ మనిషికి నువ్వే సెప్పు" అని ఏడ్చాను.

ఆ ఆదివారం పాట ఎత్తుకుంటే తాళం తప్పింది. మా సంఘ పెద్ద పాట ఆపించి, గోడ మీది డోలక్ తీసి, చెప్పుల దగ్గరికి పోయి ఆయన ఒళ్లో పెట్టి, "నువ్వేందో మాకు కోర్టు సెప్పాల్నా అబ్బా? రా" అన్నాడు. ఆయన లేచి లోపలికొచ్చాడు! డోలక్ తాళ్లు వదులైపోయి ఉన్నాయి; ఒక్కొక్కటే ఆయన బిగిస్తుంటే సంఘమంతా పాట ఎత్తకుండా కాచుకుంది. దేవునికే మహిమ! కోర్టు మెట్ల మీద నేను అడుక్కున్న మాటను దేవుడు చెప్పుల దగ్గర చెప్పించాడు.

నింద మోసి గుమ్మం బయట కూర్చున్నవాళ్లు మీలో ఎవరైనా ఉంటే, దేవుణ్ణి నమ్మి లోపలికి రండి. మీరు లేకుండా పాట ఎత్తని దేవుడు ఆయన. మా ఆయనకు ఎడమ చేయి ఇంకా సరిగా పడదు, ఆ దెబ్బ రావలసిన చోట మేమంతా చప్పట్లు కొడతాం. నేను మాత్రం చప్పట్ల మధ్యలో ఆ చేతి దెబ్బ కోసం ప్రతి ఆదివారం చెవి పెట్టి వింటూనే ఉంటాను. ఆమేన్.