సెత్సు మూసిన తలుపు

జపాన్ కొండల్లోని మా కురెసావా స్టేషన్‌లో ఉద్యోగులంటూ లేక ముప్పై ఏళ్లయింది. ఒకే పెట్టె ఉన్న రైలు రోజుకు ఆరుసార్లు వచ్చి ఆగుతుంది, డ్రైవరే టికెట్లు తీసుకుంటాడు. అయినా వెయిటింగ్ రూమ్ నేల అద్దంలా ఉంటుందంటే అది సెత్సు చలవే. పట్టాల మీద పనిచేసిన భర్త పోయాక, డెబ్బై నాలుగేళ్ల ఆ మనిషి ఎవరూ అడగకుండానే రోజూ పొద్దున్నే వచ్చి ఊడుస్తుంది. తోడుగా ఇవాకిచీ వస్తాడు, ఆమెకన్నా కాస్త ముందే. ఆ స్టేషన్‌లో చివరిసారి టికెట్లు ఇచ్చినవాడు ఆయనే. పాత టికెట్ గది తాళం ఇంకా ఆయన దగ్గరే ఉంది; చలికాలం గది వెచ్చబెట్టే స్టవ్‌కు కిరోసిన్ అందులోనే దాస్తాడు.

పోయిన నవంబరులో ఒకరోజు సెత్సు వచ్చేసరికి తలుపు బార్లా తెరిచి ఉంది. లోపల బెంచీ పక్కన ఎలుగుబంటి. వీపు ఇటు తిప్పి, ఎవరిదో సంచీ చింపి పెర్సిమన్ పళ్లు తింటోంది.

అరవాలని కూడా తోచలేదట. తలుపు పక్కకు లాగి మూసేసి, అది మళ్లీ పక్కకు జరగకుండా కింది గాడిలో చీపురు కర్ర పెట్టింది. చుట్టూ పరుగెత్తి ప్లాట్‌ఫారం వైపు తలుపుకు మంచు ఎత్తే పార అడ్డం పెట్టింది.

పక్కనే ఉన్న టికెట్ గది కిటికీ అద్దం మీద ఎవరో వేలితో కొట్టారు. ఊచల వెనక ఇవాకిచి మొహం.

"తలుపు మూసింది నువ్వేనా సెత్సూ?"

"నేనే అన్నా."

"రెండోదీ?"

"అదీ నేనే."

"నేను లోపలున్నాను."

ఆ గదికి ఉన్నది వెయిటింగ్ రూమ్‌లోకి తెరుచుకునే పల్చటి చెక్క తలుపు ఒక్కటే; ఆయనకూ ఎలుగుకూ మధ్య అదే అడ్డు. దారి మూసుకుపోయిందని దానికీ తెలిసిపోయింది. ధన్‌మని గోడ అదిరింది.

సెత్సు ఊరి ఆఫీసుకు ఫోన్ చేస్తే, వేటగాళ్లు రావడానికి నలభై నిమిషాలన్నారు.

"పార తీసేస్తానన్నా."

"తీస్తే ఎటు పోతుంది? ఇది రైలుకు పిల్లలొచ్చే వేళ. ముందు వాళ్లను ఎక్కించు. బండి వెళ్లాక నా సంగతి చూద్దువుగాని."

ఆయన అన్నట్టే ఇద్దరు స్కూలు అమ్మాయిలు గట్టు ఎక్కి వస్తున్నారు. సెత్సు చేతులు చాచి ఆపి, వాళ్లను ప్లాట్‌ఫారం చివరికి తీసుకుపోయింది. రైలుకు ఇంకా ఎనిమిది నిమిషాలు. చెక్క చీలుతున్న చప్పుడు అక్కడికీ వినిపిస్తోంది. ఇవాకిచి వీపు తలుపుకు ఆనించి, కాళ్లు బల్లకు తన్నిపెట్టి కూర్చున్నాడు. రైలు వచ్చినప్పుడు, మొహంలో నెత్తురు చుక్క లేకపోయినా, అలవాటుకొద్దీ వాచీ చూసుకున్నాడు.

రైలు కదలగానే సెత్సు పార లాగేసి, తలుపు జరిపి గోడకు అతుక్కుపోయింది. తడి బొచ్చు ఆమె చేతిని రాసుకుంటూ పోయింది. ఎలుగు పట్టాలు దాటి దేవదారు చెట్లలో కలిసిపోయింది.

తలుపు మీద పడ్డ దెబ్బలకు ఇవాకిచికి భుజం ఎముక విరిగింది. సెత్సు మూడు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. నాలుగోరోజు ఆయనే చేతికట్టుతో ఆమె ఇంటికి వెళ్లాడు.

"నిన్ను లోపల పెట్టి మూశాను" అంది సెత్సు.

"మూయకపోతే అది పిల్లల మీదికి పోయేది."

"పిల్లల సంగతి నాకప్పుడు తట్టనేలేదు. రోజూ ముందు వచ్చేది నువ్వేనని తెలుసు. అయినా గుర్తు రాలేదు."

ఇవాకిచి ఆమె పోసిన టీ తాగి వచ్చేశాడు.

సెత్సు ఇప్పటికీ ఊడుస్తుంది. తలుపు తెరుస్తుంది, మూయదు. రైలెక్కే పిల్లలే మూసిపోతారు.