అద్దంలో క్రికెట్టు, నా నోట్లో కంప్యూటరు

మొన్న కొత్తగూడెంలో బస్సు కోసం ఆగి ఒక హోటల్లో చాయ్ తాగుతుంటే, గోడకున్న తలుపంత టీవీలో క్రికెట్ నడుస్తోంది. ఓవరు అయిపోయి ప్రకటన మొదలయ్యేసరికి అక్కడున్న పది పన్నెండు తలలూ ఒక్కసారిగా కిందికి వంగి, ఫోన్లలోకి దిగిపోయాయి. తెర మీద ఎవరో ఒక వస్తువును గుడ్డ కప్పి, ఊరించి ఊరించి చూపిస్తున్నారు. ఆ ప్రకటన తీసినవాడి తర్వాత దాన్ని శ్రద్ధగా చూసింది ప్రపంచంలో నేనొక్కణ్ణే అయ్యుంటాను. మన వయసు వాళ్లకు చెబితేనే అర్థమవుతుంది గానీ, ఒకప్పుడు నేను బతికిందే ఓవరుకూ ఓవరుకూ మధ్య ఉండే ఆ సందులో, ఇరుక్కుపోయిందీ అక్కడే.

రెండువేలు దాటిన తొలి సంవత్సరాలవి. బూర్గంపాడులో మా బాబాయికి టీవీలూ రేడియోలూ బాగుచేసే దుకాణం ఉండేది. నేను పదో తరగతి ఫెయిలయ్యానని ఊళ్లో అందరికీ చెప్పుకుని అందులో చేరాను. ఫెయిలైనా పది పదే కదా, దానికొక మర్యాద ఉంటుంది. నిజానికి నేను బడి మానేసింది ఏడులో, అదీ సగంలో. ఇంగ్లీషులో అక్షరాలు విడివిడిగా కనిపిస్తే పేరు పెట్టి పలకరించేవాణ్ణి, నాలుగు కలిసి వస్తే మాత్రం తలొంచుకుని పక్కకు తప్పుకునేవాణ్ణి. బాబాయికి ఈ సంగతి తెలియదు. టీవీ భాగాల మీద రాసిన పేర్లు చదివి అందిస్తానని నన్ను పెట్టుకున్నాడు. నేను వాటిని రంగును బట్టీ, ఆకారాన్ని బట్టీ గుర్తుపట్టి అందిస్తూ నెట్టుకొచ్చాను.

ఆ దుకాణం సొరుగులాంటిది, గుమ్మానికి అడ్డంగా రిపేరు బల్ల. వెలుతురు కోసం బాబాయి గుమ్మంలో, రోడ్డుకు వీపు పెట్టి కూర్చునేవాడు. ఆయన ముందు టీవీ, దాని వీపు విప్పి ఆయన వైపు, ముఖం లోపలి గోడ వైపు. చేతులు వెనక పని చేస్తుంటే ముందు బొమ్మ ఎలా వస్తోందో తెలియాలి కాబట్టి లోపలి గోడకు ఒక పెద్ద అద్దం. ఆ అద్దం కింద, భాగాల డబ్బాల మధ్య, నేను. బయటికి రావాలంటే బల్ల కింద నుంచి మోకాళ్ల మీద పాకాలి, దానికి ముందు బాబాయి కాళ్లు జరపాలి, కాళ్లు జరపడానికి ఆయనకు మనసు రావాలి. రేకుల కప్పు, సోల్డరింగు పొగ, పొద్దున షట్టరు లేచింది మొదలు మళ్లీ దిగేదాకా అదే చోటు. ఇరవై రెండేళ్ల వయసులో భద్రాచలం పోయే బస్సులను నేను జనం కాళ్ల సందుల్లోంచి చక్రాలుగా మాత్రమే చూశాను.

క్రికెట్ సీజన్లో మాత్రం దుకాణం ముందు నలభై మంది. ఇళ్లల్లో టీవీలు లేనివాళ్లు సగం, తమ టీవీ మా బల్ల మీదే ఉన్నవాళ్లు సగం. పోటీలు ముగిసేదాకా ఏ టీవీ కూడా పూర్తిగా బాగుపడకుండా బాబాయి చూసుకునేవాడని నా అనుమానం. ఆ నలభై మందీ మ్యాచ్ చూసింది టీవీలో కాదు, అద్దంలో. కుడిచేతి వాళ్లంతా ఎడమచేత్తో ఆడేవాళ్లు. మా వీధి మంగలి తాత మన జట్టు నిండా ఎడమచేతి వాటం వాళ్లేనని చివరిదాకా నమ్మాడు. అంకెలూ అక్షరాలూ తిరగబడి కనిపించేవి కాబట్టి స్కోరు చదివి చెప్పే పని, టీవీకి ఎదురుగా ఉన్న నాది. అంకెలు నాకొచ్చు. వాటికి నాలుగు జోకులు తగిలించి చెబితే జనానికి ఆట కంటే నేనే ముద్దు.

ఆ ఎండాకాలం పోటీల మధ్యలో ఒక ప్రకటన రావడం మొదలైంది. మాటలు లేవు, టక్ టక్‌మని చప్పుడు, గుడ్డ కప్పిన ఏదో పెట్టె, గుడ్డ కొంచెం లేస్తే కింద నీలం వెలుగు, చివర రెండు క్షణాలు ఇంగ్లీషులో ఒక వరుస రాత. అంతే. మ్యాచ్ మ్యాచ్‌కూ గుడ్డ జానెడు లేచేది. బస్సు కండక్టరు మామ, ఆయన మాకు చుట్టం కాదు గానీ ఊరందరికీ మామే, రైలు టికెట్టు కోసం పోయినప్పుడు స్టేషన్లో ఇలాంటి వెలుగు చూశానని, ఇది కచ్చితంగా కొత్త కంప్యూటరేనని తేల్చాడు. ఇక చూడండి. ఓవర్లు ఎవరికి కావాలి? అందరూ ప్రకటన కోసమే నిలబడేవాళ్లు. కరెంటు పోయినా నడుస్తుందని ఒకరు, టీవీలాగే చూడొచ్చని ఒకరు. ఒక రోజు రాత రాగానే మామ వెనక నుంచి అరిచాడు.

“ఏం రాసిండ్రురా? జల్దీ చెప్పు, పోతది!”

నలభై మంది ఊపిరి బిగబట్టి నా నోటి వంక చూస్తున్నారు. నాకా, ఒక్క ముక్క అర్థం కాలేదు. అక్షరాలు విడివిడిగా పలకరించేంత వ్యవధి కూడా లేదు. అలవాటైన నోరు ఊరుకోదు కదా.

“కొత్త కంప్యూటరంట మామా. తెలుగుల చెప్తే ఇంటదంట. టైపు కొట్టే పనే లేదంట. నీ టికెట్లు గుడ అదే కోస్తదంట, నువ్వు ఇంట్ల పండుకోవచ్చు.”

అందరూ నవ్వారు. చివరి ముక్క జోకని నవ్వారు, ముందు ముక్కలు నిజమని నమ్మారు.

నమ్మినవాళ్లలో మా పెద్దనాన్న కూతురు ఉంది. అక్క నాకంటే నాలుగేళ్లు పెద్ద, ఇంటర్ పాసైంది, మండలాఫీసులో రోజుకూలీ లెక్కన జాబితాలు రాసేది. ఆమె రాత ముత్యాల్లా ఉండేది. ఆ ఆఫీసుకు ఒక కంప్యూటరు వచ్చి ప్లాస్టిక్ కవరు కింద కూర్చుంది. భద్రాచలంలో ఆడవాళ్లకు ఉచితంగా నేర్పే కేంద్రంలో మూడు నెలలు నేర్చుకుని వస్తే ఆ కుర్చీ నీదేనని పెద్దసారు అక్కకు మాటిచ్చాడు. పేరు రాయించుకోవడానికి గడువు ఉంది. అక్క ఒకసారి పోయి చూసి, బెదిరిపోయి వచ్చింది. “ఎ పక్కన బి లేదురా, అక్షరాలన్ని ఎవరో కింద పోసి ఎత్తినట్టున్నయ్” అన్నది. వాళ్ల టీవీ మా బల్ల మీదే ఉండడంతో ఆమె కూడా పక్క కిరాణా అరుగు మీద ఆడవాళ్లతో నిలబడి అద్దంలో మ్యాచ్ చూసేది.

మరునాడు ఆఫీసుకు పోతూ ఆగి, బాబాయి భుజం మీదుగా లోపలికి వంగి అడిగింది.

“టైపు లేదన్నది నిజమేనార?”

“ఉన్నది ఉన్నట్టు సదివిన అక్కా.”

ఆమె ముఖంలో ఎన్నాళ్ల నుంచో ఉన్న దిగులు జారిపోవడం నేను చూశాను. అట్లయితే ఇప్పుడు ఆ పాత మిషను నేర్చుకోవడం ఎందుకు, కొత్తదే వస్తుంది కదా, ఫైనల్లో గుడ్డ మొత్తం తీస్తారంటున్నారు, చూసి పోతాను అనుకుంది. గడువు చివరి రోజూ ఫైనలూ ఒకటే రోజు.

ఆ తర్వాత రోజులు ఎట్లా గడిచాయో చెప్పలేను. ప్రతి మ్యాచ్‌లోనూ మామ అరిచేవాడు, నేను మొదటి అబద్ధానికి ఇంకొకటి అతికించేవాణ్ణి. పేపరు మిల్లులో పనిచేసే ఒకాయన వచ్చి, మా ఇంట్ల టీవీల సక్కగ చూసిన, త్వరలో వస్తది అని మాత్రమే రాసుంది అన్నాడు. “మీరు కేబుల్ పైసలు కట్టలేదేమో అన్నా, సగం అక్షరాలే వస్తున్నయ్” అన్నాను. జనం పగలబడి నవ్వితే ఆయన చిన్నబోయి వెళ్లిపోయాడు. గెలిచానన్న సంతోషం నాకు ఆ పూట కూడా నిలవలేదు. ముందు బల్ల, వెనక అద్దం, మధ్యలో నేనే పేర్చుకున్న మాటలు.

ఫైనలుకు రెండు రోజులుందనగా అక్క తమ టీవీ అయిందా అని అడగడానికి వచ్చింది. ధైర్యం చేసి చెప్పాను.

“అక్కా, గదంత నేను కల్పించిన. నువ్వు పోయి పేరు రాయించుకో.”

ఆమె నవ్వేసింది. “అప్పుడు ఆట పట్టించినవా, ఇప్పుడు పట్టిస్తున్నవా? నువ్వెన్నడు నిజం చెప్పినవ్ గనక!”

నాకు ఇంగ్లీషు చదవరాదు అని ఒక్క మాట కలిపితే చాలు, నమ్మేది. కానీ బాబాయి జానెడు దూరంలో సోల్డరింగు పెడుతున్నాడు. ఆ మాట అంటే పని పోతుంది, పదో తరగతి పోతుంది, ఊళ్లో నా నోటికున్న విలువ పోతుంది. డబ్బాల్లో ఎవరూ అడగని భాగమేదో వెతకడం మొదలుపెట్టాను. ఆమె టీవీ గురించి బాబాయితో మాట్లాడి వెళ్లిపోయింది.

ఫైనలు రోజు ఒక జట్టు ఆట ముగిసి విరామం వచ్చింది. వీధి వీధంతా మా ముందే ఉంది. గుడ్డ మొత్తం లేచింది. పెద్ద పెట్టె, తెర, దాని ముందు వరుసలు వరుసలుగా మీటలు. వాటి మీద ఒక అమ్మాయి పది వేళ్లతో టకటకా కొడుతోంది. ఇన్నాళ్లూ వినిపించిన టక్ టక్ అదేనన్నమాట. అద్దంలో తిరగబడి కనిపించినా టైపు టైపే కదా, దానికి నా చదువు అవసరం లేకపోయింది.

“ఏడ పోయినయ్‌ర దాని చెవులు? తెలుగుల ఇంటదన్నవ్ గద!” అని మామ అరవగానే నలభై మందీ నవ్వారు. నా మీద ఎవరికీ కోపం రాలేదు, వాళ్లకు అదీ ఒక జోకే. అక్క మాత్రం నవ్వలేదు. అరుగు దిగి, జనాన్ని జరుపుకుంటూ గుమ్మం దాకా వచ్చింది. ఈసారి రాత రెండు క్షణాల్లో పోలేదు, టీవీలో ఇంకా ఉంది.

“కింద ఏమున్నదో సదువు,” అన్నది.

నేను తెర వంక చూశాను, ఆమె వంక చూశాను.

“నాకు సదవరాదక్కా.”

బాబాయి చేతిలో సోల్డరింగు ఆగింది. అక్క వెనక్కి తిరిగి సర్టిఫికెట్ల కోసం ఇంటికి పరుగెత్తింది. నాలుగు దాటింది, కేంద్రం అయిదింటి వరకే. నేను బాబాయిని అడగలేదు, కాళ్లు జరపమనలేదు, ఎట్లా పాకానో తెలియదు, రోడ్డు మీద ఉన్నాను. ఇద్దరం ఆటో ఎక్కాం. గోదావరి బ్రిడ్జి మీద వెదురు లారీలు బారులు తీరి ఆగి ఉన్నాయి. సగం నుంచి దిగి నడిచాం, నడక కాదది. మేం చేరేసరికి కేంద్రం తలుపు తెరిచే ఉంది. మేడమ్ కాగితం చూపించి, చివరి సీటు మధ్యాహ్నమే నిండిందమ్మా అన్నది. మధ్యాహ్నం అంటే మేమంతా టాస్ ఎవరు గెలిచారో చూస్తున్న వేళ. అక్క బతిమిలాడలేదు. ఒక్కసారి గది చూడొచ్చా అని అడిగి లోపలికి పోయి, ఒక కంప్యూటరు ముందు నిలబడి, మీట మీద వేలు ఆనించి, నొక్కకుండానే తీసేసింది.

తిరుగు బస్సు ఎక్కాం. తిడుతుందని ఎదురుచూశాను. తిడితే బాగుండేది.

“ఎన్నో తరగతి దాక సదివినవ్?” అన్నది సారపాక దాటాక.

“ఏడు. అది గుడ సగమే.”

“పది అన్నవ్ గద అందరికి.” కిటికీలోంచి బయటికి చూస్తూ అన్నది, “రేపటి సంది పొద్దుగాల ఇంటికి రా. నోటుబుక్కు తెచ్చుకో.”

ఆ వానాకాలమంతా ఆమె నాకు ఇంగ్లీషు నేర్పింది. టీవీల పెట్టెల్లో వచ్చే కాగితాలే మా వాచకాలు. జరిగినదాని ఊసు ఆ పాఠాల మధ్య ఒక్కసారీ ఎత్తలేదు, ఈనాటి వరకూ ఎత్తలేదు. ఫైనలు మరుసటి రోజు నుంచి బాబాయి భాగాల పేర్లు చెప్పడం మానేసి, ఎర్రచుక్కది ఇయ్యి, మూడు కాళ్లది ఇయ్యి అని అడగసాగాడు. ఆఫీసు కుర్చీ పక్క ఊరి అమ్మాయికి వెళ్లింది. చేతిరాతతో పని లేకుండా పోయేదాకా ఇంకో రెండేళ్లు అక్క జాబితాలు రాసి, ఆ తర్వాత ఆగమన్నప్పుడు ఆగిపోయింది. ఇప్పుడు పర్ణశాల దారిలో ఒక గూడెంలో అంగన్‌వాడీ నడుపుతోంది. పిల్లలు బాగా చదువుతారని పేరు. అక్క ఆ కంప్యూటరు ముందు కూర్చునుంటే ఎట్లా ఉండేదో ఊహించుకునే హక్కు నాకు లేదు, అయినా రోజూ ఊహించుకుంటాను.

కాలం మంచికే మారిందంటాను. ఇప్పుడు రాబోయే వస్తువు ఫొటో వారం ముందే అందరి జేబుల్లో ఉంటుంది, ఏ భాషలో రాసినా ఫోనే చదివి పెడుతుంది, నాలాంటి వాడు ఒక ఊరిని పట్టుకుని మోసం చేయడం కుదరదు. అయినా ఆ హోటల్లో అన్ని తలలూ వంగినప్పుడు నాకెందుకో దిగులేసింది. నలభై మంది ఊపిరి బిగబట్టి ఒక మనిషి నోటి వంక చూసిన ఆ రెండు క్షణాల్లో, నాకు తెలియదు అనడానికి చాలినంత వ్యవధి ఉంది. ఆనాడు ఎంత వెతికినా నోటికి రాని మాట అది. ఇప్పుడు ఎంతో సులువుగా వస్తుంది. అడిగేవాళ్లే లేరు.