మా కర్లింగ్ కెప్టెన్ విజయ అక్క ఇక లేదు

నిన్న మధ్యాహ్నం ఆఫీసులో ఉండగా అక్క భర్త మోహన్ బావగారు ఫోన్ చేశారు.

"విజయ పోయిందమ్మా" అన్నారు.

నేను "ఎక్కడికి?" అని అడిగాను.

అడిగాక గానీ అర్థం కాలేదు.

క్యాన్సర్ అని తెలుసు. ఇక ఎక్కువ రోజులు లేవని డాక్టర్లు చెప్పారు కూడా. అయినా నోట్లోంచి ఆ మాటే వచ్చింది.

తెలియనివాళ్ళ కోసం రాస్తున్నాను. విజయ అక్కది జగిత్యాల. ఇక్కడ దోహాలో, అల్ ముంతజాలో మా బిల్డింగ్‌లోనే, మా పై ఫ్లోర్‌లో ఉండేవాళ్ళు. అక్క ఒక క్లినిక్‌లో ల్యాబ్ టెక్నీషియన్. బావగారికి మెసయీద్ ఇండస్ట్రియల్ ఏరియాలో షిఫ్ట్ డ్యూటీ.

ఒకరోజు అక్క ఫోన్ చేసి, "జల్ది పైకి రా. టీవీల ఆడోళ్లు మంచు ఊడుస్తున్నరు!" అంది.

వెళ్ళి చూస్తే కర్లింగ్. రెండు దేశాల అమ్మాయిలు, టీమ్‌కి నలుగురు. బరువైన గుండ్రటి రాయిని ఐస్ మీద జార్చి వదులుతారు. ఇద్దరు దాని ముందు బ్రష్షులతో రుద్దుకుంటూ పరిగెడతారు. అవతల గీసిన రింగుల మధ్యకి ఎవరి రాయి దగ్గరగా ఆగితే వాళ్ళకి పాయింట్లు.

పది నిమిషాలు చూసి వచ్చేద్దామని కూర్చున్నాను. మ్యాచ్ అయ్యేదాకా లేవలేదు.

ఆ ఆటలో ప్లేయర్లకి మైకులు ఉంటాయి. వాళ్ళు ఏం ప్లాన్ చేస్తున్నారో, ఎక్కడ భయపడుతున్నారో, ఒకళ్ళనొకళ్ళు ఎలా ఓదార్చుకుంటున్నారో అన్నీ వినిపిస్తాయి. అక్కకి నచ్చింది అదే. "క్రికెట్ల ఆళ్లు ఏం మాట్లాడుకుంటరో మనకు తెల్వది. గిండ్ల మనం గూడ ఆళ్ల పక్కన నిలవడ్డట్టే ఉంటది" అనేది.

అప్పుడు దోహా అంతా రోడ్లు తవ్వేసి ఉంది. ఎటు చూసినా క్రేన్లు, లేస్తున్న స్టేడియాలు. ఎవరిని కదిపినా ఫుట్‌బాలే. వరల్డ్ కప్‌లో నీ టీమ్ ఏది అని క్లినిక్‌లో అడిగితే అక్క స్వీడన్ అని చెప్పేదట. ఏ ఆటలోనో మాత్రం చెప్పేది కాదు.

చూడటంతో ఆగలేదు. ఒక మాల్‌లోని ఐస్ రింక్‌లో శుక్రవారం పొద్దున్న కర్లింగ్ నేర్పుతున్నారని తెలుసుకుని మమ్మల్ని లాక్కెళ్ళింది. అక్క, నేను, మా ఎదురు ఫ్లాట్ స్వప్న, కేరళ ఆవిడ బీనా. నలుగురిలో ఎవరికీ ఐస్ మీద నిలబడటం రాదు. మొదటి నెలంతా పడటమే నేర్చుకున్నాం.

తర్వాత అక్కడ వేరే దేశాలవాళ్ళతో ఫ్రెండ్లీ మ్యాచ్‌లు మొదలయ్యాయి. అన్నీ ఓడిపోయాం.

ఒక్కటి మాత్రం గెలిచాం అనుకున్నాం. కెనడా టీచర్లతో మ్యాచ్. స్కోర్లు సమానం. ఆఖరి రాయి స్వప్నది. అద్భుతంగా వేసింది. నేనూ బీనా రుద్దుకుంటూ పరిగెత్తాం. రింగుల దగ్గరికి వచ్చాక అక్క కూడా వచ్చి కలిసింది. రాయి సరిగ్గా మధ్యలో ఆగింది. మేం ముగ్గురం కేకలు పెట్టి వాటేసుకున్నాం.

అక్క చెయ్యెత్తి నిలబడింది.

"ఆగుండ్రి. నా బ్రష్ తాకింది రాయికి."

కెనడా వాళ్ళు కూడా చూడలేదు. వాళ్ళ కెప్టెన్ ష్యూరా అని రెండుసార్లు అడిగింది. ష్యూర్ అంది అక్క. కదిలే రాయికి బ్రష్ తగలకూడదు. తగిలితే ఆ రాయిని ఉంచాలో తీసేయాలో అవతలి కెప్టెన్ ఇష్టం. ఆవిడ ఒక్క క్షణం ఆలోచించి తీసేసింది. ఇక మధ్యకి దగ్గరగా ఉన్నది వాళ్ళ రాయే. మేం ఓడిపోయాం.

ఈ ఆటలో గెలిచినవాళ్ళు ఓడినవాళ్ళకి తాగడానికి ఏదైనా ఇప్పించడం ఆనవాయితీ. కెనడా వాళ్ళు కరక్ చాయ్ ఇప్పించారు. స్వప్న ముట్టుకోలేదు.

కార్లో స్వప్న ఏడ్చినంత పని చేసింది. "ఎవరూ చూడలేదు కదక్కా! నా జన్మలో అలాంటి రాయి మళ్ళీ వెయ్యలేను."

"నేను చూసిన గదనే" అంది అక్క. "నువ్వు మంచిగ ఏసినవ్. తప్పు నాది. కోపం నా మీద పెట్టుకో" అంది.

స్వప్న నిజంగానే పెట్టుకుంది. చాలా రోజులు పైకి మ్యాచ్‌లు చూడటానికి రాలేదు.

అక్కకి జబ్బని తెలిసిన రోజు మాత్రం మా అందరికంటే ముందు హాస్పిటల్‌కి వెళ్ళింది స్వప్నే. ఆ తర్వాత కీమోకి తీసుకెళ్ళడం, తీసుకురావడం అన్నీ తన కార్లోనే.

ఈమధ్య ఒక సాయంత్రం అక్క మంచం దగ్గర ఫోన్ నిలబెట్టి మ్యాచ్ చూస్తున్నాం. అందులో ఒకమ్మాయి ఉన్నట్టుండి చెయ్యెత్తింది. నా బ్రష్ తగిలింది అంది. రీప్లేలో చూసినా ఏమీ కనిపించలేదు. మ్యాచ్ చేజారేలా ఉంది, అయినా ఆ అమ్మాయి చెప్పింది.

స్వప్న అక్క వైపు చూసింది.

అక్కకి గొంతు సరిగా రావడం లేదు. ఆ అమ్మాయిది ఏ దేశమో కూడా ఇప్పుడు గుర్తులేదు. అక్క మాత్రం మెల్లిగా, "మనోళ్లే" అంది.

స్వప్న అక్క చెయ్యి పట్టుకుని మ్యాచ్ అయ్యేదాకా వదల్లేదు.

వరల్డ్ కప్ చూడకుండానే పోయింది పాపం అని నిన్న ఎవరో అన్నారు. అక్కకి ఆ బాధ ఉండి ఉండదు.

పేపర్లన్నీ అయ్యాయి. ఇవాళ ఫ్లైట్‌లో బావగారు అక్కని హైదరాబాద్ తీసుకెళ్తున్నారు. అక్కణ్ణుంచి జగిత్యాల. వాళ్ళమ్మాయి అక్కడే ఎదురుచూస్తోంది.

పొద్దున్న స్వప్న ఫోన్ చేసింది. "శుక్రవారం రింక్ బుకింగ్ క్యాన్సిల్ చెయ్యకు" అంది.

"ముగ్గురమే కదా" అన్నాను.

"నలుగురిలో ఒకరు ఆడలేకపోతే ముగ్గురు ఆట కొనసాగించొచ్చు. మొదటి ఇద్దరూ ఒక్కో రాయి ఎక్కువ వెయ్యాలి, అంతే. రూల్ ఉంది. బీనా కూడా వస్తానంది."

సరే అన్నాను.

వెళ్ళిరా అక్కా. ఇక ఏ నొప్పీ లేకుండా హాయిగా నిద్రపో.